ఉదయగిరి దుర్గం, చుట్టుపక్కల పల్లెలు: వెళ్లి చూసి రావడం ఎలా?

నెల్లూరు జిల్లా ఉదయగిరి పేరెత్తగానే అందరూ అడిగేవి మూడే ప్రశ్నలు. ఒక్క రోజులో చూసి రావచ్చా? కారు కొండపైకి పోతుందా? పిల్లల్ని, పెద్దవాళ్లను తీసుకెళ్లవచ్చా?

క్లుప్తంగా జవాబులివి. ఒక్క రోజులో కొండను ముట్టి రావచ్చు గానీ చూసినట్టు కాదు. కారు మీద ఆశ పెట్టుకోకుండా, కొండ కింద దిగి నడవాలన్న లెక్కతోనే బయలుదేరండి. పిల్లలూ పెద్దవాళ్లూ రావచ్చు, కాకపోతే అందరూ అన్నిచోట్లకీ కాదు.

నా సలహా రెండు రాత్రుళ్ల ప్రయాణం. మొదటి రోజు సాయంత్రం ఊరు, రెండో రోజు కొండ, మూడో రోజు దారిలో పల్లెలు చూసుకుంటూ, గుహాలయాలూ జలపాతమూ ఉన్న భైరవకోన. ఒక్క రాత్రే వీలవుతుందంటే కొండో, కోనో ఒకటి వదులుకోండి. రెండూ కావాలని పరుగెత్తినవాళ్లకు గుర్తుండేది కారు సీటు మాత్రమే.

తెలిసి ఉంటే చాలిన చరిత్ర

ఈ కోట ఒడిశా రాజులైన గజపతుల చేతిలో ఉండగా శ్రీకృష్ణదేవరాయలు 1513లో వచ్చి ముట్టడించారు. దాదాపు ఏడాదిన్నర పట్టింది, 1514లో గానీ చిక్కలేదు. ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తరలించి, దానికోసం గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించారు. ఆ తర్వాతి కాలంలో కోట గోల్కొండ సుల్తానులకు వెళ్లింది. కింద గుళ్లు, పైన మసీదులు కనిపించడానికి కారణం ఇదే. చివరి జాగీర్దారు 1839లో కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) ప్రభుత్వం మీద కుట్ర పన్నాడన్న ఆరోపణతో జాగీరు పోగొట్టుకుని చెంగల్పట్టుకు వెళ్లాల్సి వచ్చింది. పాత లెక్కల ప్రకారం కోటలో మొత్తం 13 కట్టడాలు. కొండ మీద 8, కింద 5. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

వెంట ఉండాల్సినవి

అన్నిటికన్నా ముందు నీళ్లు. కొండ ఎక్కే మనిషి ఒక్కొక్కరికీ 3 లీటర్లు. పైన కోనేళ్లు ఉన్నాయి కదా అనుకోకండి, ఆ నీళ్లు చూడటానికే గానీ తాగడానికి కాదు. తినడానికి పులిహోర బాగుంటుంది, చెడదు, చేతికి అంటదు. పెరుగన్నం రుచే గానీ ఎండలో సంచిలో నలిగితే పులిసిపోతుంది. నాలుగు నిమ్మకాయలు, చిటికెడు ఉప్పు, ఓఆర్‌ఎస్ పొట్లాలు పెట్టుకోండి.

కాళ్లకు పట్టున్న బూట్లు. కొత్తవి వద్దు, కనీసం నెల రోజులు వాడినవి కావాలి. చెప్పులతో ఎక్కే ఊరి కుర్రాళ్లను చూసి మోసపోకండి, వాళ్ల పాదాలు వేరు, మనవి వేరు. పొడుగు చేతుల చొక్కా, నిండు ప్యాంటు తప్పవు, ఎందుకంటే దారి పొడవునా ముళ్ల పొదలే. నడుము ఎత్తు కర్ర ఒకటి. టార్చి లైటు, ఈల, కట్టు కట్టుకునే గుడ్డ, చెత్త వేసుకోవడానికి ఒక సంచి. ఫోనులో మ్యాపు ముందే దించుకోండి, కొండ మలుపుల్లో సిగ్నలు ఉంటుందని నమ్మలేం. చిల్లర నోట్లు కూడా ఉంచుకోండి.

వద్దనేవి: డ్రోను, స్పీకరు, గునపం లాంటి ఇనుప సామాను. చివరిది నవ్వులాటకు చెప్పడం లేదు. పాత కోటలన్నిటికీ గుప్తనిధుల పిచ్చివాళ్ల బెడద ఉంది. కొత్త మనుషులు ఇనుప కడ్డీలతో కొండ వైపు నడిస్తే ఊళ్లోవాళ్లు పోలీసులకు చెప్పడం న్యాయమే.

1. రోజు ఎంచుకోండి

నెల్లూరు వైపు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి, అంటే అక్టోబరు, నవంబరు. తుపానులూ అప్పుడే. ఆ నెలల్లో కొండ రాళ్లు పాచిపట్టి జారుతాయి. మార్చి దాటితే రాయి పెనంలా కాలుతుంది, మే నెల సంగతి చెప్పనక్కరలేదు. కాబట్టి డిసెంబరు సగం నుంచి ఫిబ్రవరి సగం దాకా మంచి కాలం. అప్పటికి భైరవకోన జలపాతంలో నీరు ఇంకా ఉండే అవకాశం ఎక్కువ, కొండ ఆరి ఉంటుంది, పల్లెల్లో పొగాకు పని నడుస్తుంటుంది.

కార్తీక పౌర్ణమి నాడే భైరవకోన చూడాలని పట్టుబట్టేవారు ఉంటారు. ఆ రాత్రి చంద్రకాంతి అమ్మవారి మీద పడుతుందని నమ్మకం, జనం కిక్కిరిసి ఉంటారు. భక్తితో వెళ్తే వెళ్లండి. శిల్పం చూడాలని వెళ్తే ఆ రోజు తప్ప ఇంకేదైనా మంచిదే.

2. సరైన ఉదయగిరిని పట్టుకోండి

వింతగా అనిపించవచ్చు గానీ ఎక్కువమంది మొదటి అడుగు ఇక్కడే తప్పుతుంది. ఫోనులో ఉదయగిరి అని వెతికితే భువనేశ్వర్ దగ్గరి గుహలు వస్తాయి, మధ్యప్రదేశ్‌లో విదిశ దగ్గరి గుహలు వస్తాయి, కన్యాకుమారి జిల్లాలోని కోట కూడా వస్తుంది. వాటి ఫొటోలు చూసి, మన ఉదయగిరిలో గుహలు ఏవని అడిగేవాళ్లు ఉన్నారు. వెతికేటప్పుడు నెల్లూరు జిల్లా అని తప్పక కలపండి.

అలాగే భైరవకోన వేరు, పెంచలకోన వేరు. పెంచలకోన రాపూరు మండలంలో నరసింహస్వామి క్షేత్రం. భైరవకోన పాత ప్రకాశం జిల్లాలోని చంద్రశేఖరపురం మండలంలో, అంబవరం కొత్తపల్లి దగ్గర ఉంది. కారు డ్రైవరుకు ‘కోన’ అని మాత్రమే చెబితే అలవాటుకొద్దీ పెంచలకోనకు తిప్పేస్తాడు. రెండింటికీ మధ్య సగం జిల్లా ఉంది.

మ్యాపు సరైనదో కాదో తేల్చుకోవడానికి తేలిక గుర్తు: ఉదయగిరి పక్కన దుర్గంపల్లి, దుత్తలూరు, సీతారామపురం పేర్లు కనిపించాలి.

3. చేరుకోండి

నెల్లూరు నుంచి సుమారు 100 కిలోమీటర్లు. ఆత్మకూరు మీదుగా రావచ్చు. రైల్లో విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్లు నెల్లూరు దాకా పోనక్కరలేదు, కావలిలో దిగితే కలిగిరి, వింజమూరు మీదుగా దగ్గర. ఒంగోలు వైపు నుంచైతే కనిగిరి, పామూరు దారి. ఉదయగిరిలో ఆర్టీసీ డిపో ఉంది కాబట్టి బస్సులకు కొదవ లేదు. అయితే దిగగానే చేయాల్సిన మొదటి పని, తిరుగు దారిలో చివరి బస్సు ఎన్నింటికో కనుక్కోవడం. తర్వాత అడుగుదామనుకుంటే ఆ తర్వాత రాదు.

బస ఊళ్లో మామూలుగానే ఉంటుంది. శుభ్రత విషయంలో పట్టింపు ఉన్నవాళ్లు ఆత్మకూరులో ఉండి తెల్లవారుజామున రావచ్చు, నిద్ర మాత్రం ఒక గంటన్నర తగ్గుతుంది. నా ఓటు ఉదయగిరికే. కొండకింద పడుకున్నవాడే వెలుతురుకు ముందు కొండ మొదట్లో ఉండగలడు.

4. మొదటి సాయంత్రం: ముందు కింద చూడండి

అందరూ కొండ మీదికి దృష్టి పెట్టి ఊరిని దాటేస్తారు. కోట కట్టడాల్లో ఐదు కిందే ఉన్నాయని పైన చెప్పిన లెక్క ఇందుకే. మధ్యాహ్నం 3 దాటాక రంగనాయకుల గుడి, కృష్ణుడి గుడి వైపు నడవండి. శిథిలమైనా నిలబడ్డ రాతిపని చాలా ఉంది. వాలు వెలుతురులోనే శిల్పం లోతు తెలుస్తుంది, నడినెత్తిన ఎండలో అన్నీ ఒకే తెల్లటి బల్లలా కనిపిస్తాయి. స్తంభాల పైభాగం కన్నా అడుగు భాగం చూడండి. అక్కడ చిన్న చిన్న బొమ్మలు ఉంటాయి, నిలబడి ఫొటో తీసుకునేవాళ్ల కంట పడవు. చాక్‌పీసుతో గీతలు దిద్దడం, నీళ్లు చల్లి ఫొటో తీయడం వద్దు.

తర్వాత చెక్క చెంచాల పని చేసే ఇళ్లు ఎక్కడని అడగండి. ఉదయగిరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. తరతరాలుగా ఎక్కువగా ముస్లిం కుటుంబాలు చేస్తున్న పని ఇది, ఇప్పుడు ఆడవాళ్లే ముందుండి నడుపుతున్నారు. దుర్గం చుట్టూ ఉన్న అడవిలో దొరికే నర్ది, బిక్కి, పాలబరక లాంటి తేలిక కర్రలు వాడతారు. పని జరుగుతుండగా ఒక అరగంట కూర్చోవడానికి అడిగి చూడండి. ముళ్ల చెంచా పళ్లు విడదీసే దగ్గర చూడాలి అసలు నేర్పు. చెక్కలో సన్నటి రంపంతో గీత దించుతారు, గీత మొదలు దగ్గర ఒక్క వెంట్రుక ఎక్కువ తగిలినా ఆ పన్ను విరిగి, అంతవరకు చేసిన పని బుట్టలో పడుతుంది. పిడి చివర చేప బొమ్మ తోకను ఆకురాయితో రుద్దేటప్పుడు రాలే పొడి మైదాపిండిలా ఉంటుంది.

కొనేటప్పుడు ఇలా పరీక్షించండి. చెంచా గుంట అంచుమీద పెదవి ఆనించండి, ఎక్కడైనా గరగర తగిలితే అది వంటకు పనికిరాదు, గోడకు తగిలించుకోవాలి. చెక్క గీతలు పిడి పొడవునా సాగాలి. మెడ దగ్గర అడ్డంగా ఉంటే వేడి పప్పులో తిప్పగానే విరుగుతుంది. రంగు పూసినవి కొంటే బల్లమీద అలంకారానికే కొనండి. ఇంటికి వెళ్లాక నీళ్లలో నానబెట్టకుండా కడిగి, నీడన ఆరబెట్టి, నెలకొకసారి నూనె చేత్తో తుడిస్తే ఏళ్లు వస్తాయి. బేరం సంగతి: ఒక్క చెంచా వెనక సగం రోజు ఉండవచ్చు. పది రూపాయల కోసం అరగంట వాదించే చోటు కాదు ఇది.

5. దారి తెలిసిన మనిషిని మాట్లాడుకోండి

ఇది ఐచ్ఛికం కాదు. కొండ మీద కాలిబాటలు చాలా ఉన్నాయి, సగం పశువులు, మేకలు వేసినవి. అవి పొదలోకో లోయ అంచుకో తీసుకెళ్లి ఆగిపోతాయి. కోట ఒక వైపు కొండచరియ నిట్టనిలువుగా వందల అడుగులు దిగిపోతుంది కాబట్టి ఇక్కడ దారి తప్పడం అంటే కాళ్లు నొప్పి పెట్టడంతో అయిపోయేది కాదు.

సాయంత్రమే టీ దుకాణం దగ్గర అడగండి. పశువుల కాపరులు, కట్టెకు వెళ్లేవాళ్లు అందరికన్నా బాగా తెలిసినవాళ్లు. పెద్దవయసు మనిషైతే ‘పెద్దాయనా’ అని, ఈడువాడైతే ‘అన్నా’ అని పలకరించండి. డబ్బు, బయలుదేరే వేళ, ఎక్కడిదాకా అనేవి ముందే తేల్చుకోండి. ఆయన తిండీ నీళ్లూ కూడా మీ సంచిలోనే ఉండాలి, దాన్ని కూలిలో కలపకూడదు. అటవీశాఖ కార్యాలయంలో ఒక మాట చెప్పడం, కొండమీద అప్పుడేమైనా ఆంక్షలున్నాయో కనుక్కోవడం కూడా ఈ సాయంత్రపు పనే.

మనిషి దొరకకపోతే? ఊరి కుర్రాళ్లతో మొదటి గోడల వరస దాకా వెళ్లి వచ్చేయండి. సగం కోట చూసినా పూర్తిగా ఇంటికి చేరతారు.

6. ఎక్కడం

వెలుతురు రావడానికి అరగంట ముందే కొండ మొదట్లో ఉండండి, చూపు ఆనగానే నడక మొదలుపెట్టండి. ఈ కొండ ఎత్తు 3,079 అడుగులని చదివి బెదిరిపోకండి. అది సముద్ర మట్టం నుంచి. ఊరే కొంత ఎత్తులో ఉంది. అలాగని తేలిగ్గా తీసుకోకండి. ఎక్కి దిగడానికి సగం రోజు పైనే పెట్టుకోండి. ‘రెండు గంటల్లో వచ్చేయొచ్చు’ అనే మాట రోజూ ఎక్కేవాడి నోటి నుంచి వచ్చిందని గుర్తుంచుకోండి. సైన్యంతో వచ్చిన రాయలకే ఏడాదిన్నర పట్టింది, మీకు ఒక పూట పడితే పరువు పోదు.

కొండపైకి వెళ్లే ప్రతి దారినీ కాచుకునేలా గోడలు కట్టారు. ఆ గోడలనే మీ మజిలీలుగా వాడుకోండి. గోడ దాటగానే ఆగండి, రెండు గుక్కలు తాగండి, వెనక్కి తిరిగి వచ్చిన దారిని ఒకసారి చూడండి, వీలైతే ఫొటో తీయండి. దిగేటప్పుడు అదే దారి కొత్తగా కనిపిస్తుంది. చాలామంది తప్పేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు.

చేయి పెట్టే ముందు రాతి సందులోకి చూడండి. కర్రతో ముందు తట్టండి. పాము కాటేస్తే కోయడం, పీల్చడం, గట్టిగా తాడు కట్టడం ఏదీ చేయకండి. కాటుపడిన మనిషిని నడిపించకుండా మోసుకుని వీలైనంత త్వరగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. ఎలుగుబంట్లు తిరుగుతాయని ఊళ్లో చెబుతారు. మాట్లాడుకుంటూ నడిస్తే వాటికి మీరు వస్తున్నట్టు తెలుస్తుంది, అవే తప్పుకుంటాయి. పాటలు పెట్టుకోనక్కరలేదు.

రెండు నియమాలు మాత్రం సడలించకండి. తెచ్చుకున్న నీళ్లలో సగం అయిపోతే, ఎక్కడున్నా వెనక్కి. గడియారం 12 కొడితే, ఎక్కడున్నా వెనక్కి. శిఖరం కనబడుతుంటే మనసొప్పదు. అందుకే ఈ నియమం కిందున్నప్పుడే అందరిచేతా ఒప్పించుకోవాలి.

పదేళ్లలోపు పిల్లల్ని పైదాకా తీసుకెళ్లకండి. మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు కింది గుళ్లతో ఆగి, మూడో రోజు భైరవకోనకు రండి. అక్కడికి వాహనం దగ్గరిదాకా వెళ్తుంది.

7. పైన ఏం చూడాలి, ఎలా చూడాలి

మసీదులు, పాత భవనాల శిథిలాలు, కోనేళ్లు, గోడలు. అన్నీ ఒక్కచోట లేవు. వరసగా చూడాలని తాపత్రయపడితే మధ్యాహ్నం అవుతుంది. ముందు మసీదు, తర్వాత దగ్గర్లోని కోనేరు, ఆపైన టైముంటే మిగతావి.

ఏది ఎవరి కాలానిదో తేల్చుకోవడానికి మోటు కొలత ఒకటుంది. రాతి స్తంభం మీద రాతి దూలం అడ్డంగా పరిచి ఉంటే చాలావరకు విజయనగర కాలంనాటి తీరు. కమాను, సున్నపు గచ్చు, గచ్చులో పూలతీగెలు ఉంటే గోల్కొండ తీరు. దీన్ని గుడ్డిగా నమ్మకండి, ఒకరి పునాది మీద ఇంకొకరు కట్టడం ప్రతి కోటలోనూ ఉన్నదే. ఒకే గోడలో అడుగున పెద్ద రాళ్లు, పైన ఇటుక, గచ్చు కనిపిస్తే అక్కడ ఐదు నిమిషాలు ఆగండి. కోట చేతులు మారడం పుస్తకంలో కన్నా ఆ గోడలో బాగా కనిపిస్తుంది.

కోనేరు దగ్గర ఇంకో పని. ఏడాదిన్నర ముట్టడిలో లోపలివాళ్లు ఏం తాగి బతికారో ఆలోచిస్తూ, వాన నీరు ఏ వాలు నుంచి దాంట్లోకి జారుతుందో చూడండి. నీటిమట్టం దగ్గరికి మాత్రం దిగకండి. మెట్లు పాచిపట్టి ఉంటాయి, లోతు తెలియదు, ఈత వచ్చినవాళ్లే ఎక్కువ ప్రమాదంలో పడతారు.

మసీదులో అడుగుపెట్టే ముందు బూట్లు విప్పండి, శిథిలమైనా సరే. పైకప్పు బీటలు వారిన గదుల్లోకి వెళ్లవద్దు. గోడ అంచుమీద నిలబడి ఫొటోలు దిగవద్దు, నాలుగైదు వందల ఏళ్ల నాటి సున్నం మీ బరువుకు హామీ ఇవ్వలేదు. తవ్విన గుంతలు కనబడవచ్చు, గడ్డి కప్పేసి ఉంటే కర్రతో పొడిచి చూసి నడవండి.

8. దిగడం

తిని, అరగంట నీడన కూర్చుని, దిగండి. అడుగులు చిన్నవి వేయండి, కర్ర ముందు, కాలు తర్వాత. బరువు మడమ మీద పడకుండా మోకాలు కొంచెం వంచి దిగితే మర్నాడు లేచి నిలబడగలరు. ఊరు కనబడగానే వేగం పెంచడం మామూలే, కాళ్లు మడతపడేది కూడా అక్కడే.

9. మూడో రోజు: పల్లెలు, భైరవకోన

ఉదయగిరి నుంచి సీతారామపురం మీదుగా అంబవరం కొత్తపల్లి వైపు వెళ్లండి. వెలిగొండల వెంట సాగే ఈ దారి చూడాల్సిన చోట్ల మధ్య ఖాళీ అనుకోకండి, సగం సరుకు ఇందులోనే ఉంది. ముందుగా గండిపాలెం జలాశయం దగ్గర ఆగాలనుకుంటే పొద్దున్నే చూసుకోండి.

దారిలో గొర్రెల మంద ఎదురైతే హారన్ కొట్టకుండా ఇంజను ఆపండి. నెల్లూరు గొర్రెల్లో మూడు రకాలు చెబుతారు. ఒళ్లంతా తెల్లగా ఉండి కళ్ల చుట్టూ, మూతి దగ్గర, దవడ కింద నల్లటి మచ్చలు ఉంటే జోడిపి. దాదాపు పూర్తి తెలుపైతే పల్ల. ఎర్రటి గోధుమ రంగైతే దొర. నిటారు కాళ్లు, పొడవాటి మొహం, చెవుల వాలు చూస్తే దూరం నుంచి మేకేమో అనిపిస్తుంది. కాపరిని ఏది ఏ రకమని అడగండి. గొర్రెల గురించి అడిగితే విసుక్కునే కాపరి ఉండడు, ధర అడిగితే మాత్రం మీరు కొనేవాళ్లో కాదో ముందు తేల్చుకుంటాడు.

కలిగిరి, వింజమూరు, పామూరు వైపుల నుంచి వచ్చేటప్పుడో పోయేటప్పుడో పొగాకు బ్యారన్లు కనిపిస్తాయి. కిటికీలు లేని ఎత్తైన గదులు, పక్కన కట్టెల గుట్టలు. కలిగిరిలో, మర్రిపాడు మండలం డీసీపల్లిలో పొగాకు వేలం కేంద్రాలు కూడా ఉన్నాయి. ఆకును కర్రలకు అల్లి, లోపల వరసలుగా వేలాడదీసి, గొట్టాల్లో వేడి పంపి పచ్చాకును పసుపు రంగుకు తెస్తారు. లోపల చూడాలంటే అడిగి వెళ్లండి. వేడిపెట్టిన బ్యారన్ తలుపు తీయమని అడగకండి, మధ్యలో తలుపు తీస్తే ఆకు రంగు చెడి రైతుకు నష్టం. పిల్లలు తడి పచ్చాకును చేత్తో పట్టుకోకుండా చూడండి, వాంతులూ తలతిప్పుడూ వస్తాయి.

ఇక కోన. ఒకే కొండరాతిలో తొలిచిన 8 గుహాలయాలు, అన్నిటిలోనూ శివలింగాలు. 7, 8 శతాబ్దాల నాటివని చెబుతారు. ద్వారపాలకుల బొమ్మలు ఒక గుహకూ మరో గుహకూ తేడాగా ఉంటాయి. అన్నీ గబగబా దాటకుండా, రెండు గుహలు ఎంచుకుని ఆ ద్వారపాలకులను పక్కపక్కన పోల్చి చూడండి: కాలు మడిచిన తీరు, చేయి ఆనించిన గద, తల మీది కిరీటం. పూజలు జరిగే చోటు కాబట్టి లోపల ఫొటో తీసే ముందు పూజారిని అడగాలి.

జలపాతం సుమారు 200 అడుగులది. నీళ్లలో దిగితే ఒక కన్ను నీటి రంగు మీదే ఉండాలి. తేటగా ఉన్న నీరు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం మొదలైనా, పైన కొండల్లో ఎక్కడో వాన పడిందని అర్థం. మీ నెత్తిన ఎండ ఉన్నా సరే, వెంటనే ఒడ్డెక్కి ఎత్తుకు జరగండి. సామాను కోసం వెనక్కి వెళ్లకండి.

సొంత వాహనం లేనివాళ్లు ఉదయగిరిలో ఆటోనో కారో రానూపోనూ మాట్లాడుకోవడం మేలు. కోన దగ్గర దిగబెట్టి వెళ్లిపోతే తిరుగు ప్రయాణానికి పడిగాపులే.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

మధ్యాహ్నం ఊరికి చేరి, ‘వచ్చాం కదా’ అని అప్పుడే కొండెక్కడం అన్నిటికన్నా పెద్దది. నాలుగింటికి పైన ఉంటారు, చీకట్లో దిగుతారు. దీనికి విరుగుడు లేదు, చేయకుండా ఉండటమే.

రెండోది గుంపు విడిపోవడం. చురుకైనవాళ్లు ముందుకు పోతారు, వెనక ఉన్నవాళ్లు పక్క బాట పడతారు. అందరికన్నా నిదానంగా నడిచే మనిషిని ముందు పెట్టండి, దారి తెలిసినాయన ఆ మనిషి పక్కనే ఉండాలి.

మూడోది మర్యాదకు సంబంధించింది. ఇళ్లముందు కూర్చున్న ఆడవాళ్లను, కల్లంలో పనిచేసేవాళ్లను అడక్కుండా ఫొటోలు తీయడం. పిల్లలకు డబ్బులు పంచడం. రెండూ తర్వాత వచ్చేవాళ్లకు చెడు చేస్తాయి. ఎవరైనా మజ్జిగ ఇస్తే తాగండి, డబ్బు చేతిలో పెట్టకండి. వాళ్ల ఇంట్లో పిల్లలుంటే మర్నాడు పళ్లు ఇచ్చి వెళ్లండి.

సరిగ్గా చూశారో లేదో ఎలా తెలుసుకోవాలి

రెండో రోజు రాత్రి, కాళ్లు నొప్పిగా ఉన్నా, ఒక పని చేయండి. కొండమీద 8, కింద 5 అన్న లెక్క పట్టుకుని మీ ఫొటోలు వరసగా వేసుకోండి. ఏది గుడి, ఏది మసీదు, ఏది గోడ, ఏది నీటి కట్టడం అని విడదీయగలిగితే బాగా చూసినట్టే. అన్నీ ఒకేలా కనిపిస్తే మీరు మీ మొహాలే ఎక్కువ తీసుకున్నారని లెక్క. పేర్లు తెలియనివి ఉంటే, మర్నాడు బయలుదేరే ముందు మీతో వచ్చిన ఆయనకు ఫోనులో చూపించి అడగండి. టీ దుకాణం దగ్గర ఈ పని చేస్తే ఇంకో ఇద్దరు చేరి వాదనకు దిగుతారు. ఆ వాదనలో వినబడే పేర్లు రాసుకోండి, ఊళ్లో వాడుకలో ఉన్న పేర్లు అవే.

చెత్త సంచి కూడా తూచి చూడండి. తీసుకెళ్లిన సీసాలు ఎన్నో దిగివచ్చిన సీసాలు అన్నే ఉండాలి. ఒకటి తగ్గితే ఎక్కడ వదిలారో గుర్తుచేసుకుని, మీతో వచ్చినాయనకు చెప్పండి, ఆయన మళ్లీ ఎక్కినప్పుడు తెస్తాడు. దానికి డబ్బు మీరే ఇచ్చి వెళ్లాలి.